ఇంట్లో సంయోజక కణజాల వ్యాధి ఉందేమోనని అనుమానం వస్తే జన్యు పరీక్షకు ఎలా సిద్ధపడాలి?

పొడవుగా, సన్నగా, వేళ్లు సాగదీసినట్టుండే పిల్లవాడికి కంటి కటకం పక్కకు జరిగిందని కంటి డాక్టరు చెప్పవచ్చు. చిన్న దెబ్బకే మళ్లీ ఎముక విరిగిన పాపను ఎముకల డాక్టరు జన్యు పరీక్షకు రాసి పంపవచ్చు. విజయవాడ సూర్యారావుపేటలోనైనా గుంటూరు కొత్తపేటలోనైనా ఆస్పత్రి మెట్లు దిగుతూ తల్లిదండ్రులు మొదట అడిగేది ఒక్కటే: ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు, ఎంతవుతుంది? సహజమైన ప్రశ్నే గాని, దాని వంతు చాలా తరువాత వస్తుంది. జన్యు పరీక్ష రిపోర్టు దానంతట అది ఏమీ తేల్చదు. ఇంట్లో ఎవరికి ఏముంది, ఎవరు ఎవరిని పెళ్లి చేసుకున్నారు, గుండె ఎలా ఉంది, కన్ను ఎలా ఉంది అన్న సంగతులు ముందే చేతిలో ఉంటేనే ఆ కాగితంలోని అక్షరాలకు అర్థం దొరుకుతుంది. అందుకే ఈ వ్యాసంలో రక్తం ఇవ్వడానికి ముందు చేయవలసిన పనులకే ఎక్కువ చోటు ఇచ్చాను.

ముందుగా వ్యాధుల పేర్లు కొంత తెలుసుకోండి

ఎముక, మృదులాస్థి, కీళ్లను పట్టి ఉంచే బంధనాలు, చర్మం లోపలి పొర, రక్తనాళాల గోడలు అన్నీ సంయోజక కణజాలంతోనే నిలుస్తాయి. వీటికి కావలసిన ప్రొటీన్ల తయారీకి ఆదేశాలిచ్చే జన్యువుల్లో ఉత్పరివర్తనం, అంటే శాశ్వతమైన మార్పు, వస్తే ఏ ప్రొటీన్ దెబ్బతిన్నదన్న దాన్ని బట్టి వ్యాధి మారుతుంది. 15వ క్రోమోజోమ్ మీద ఉండే ఎఫ్‌బీఎన్1 జన్యువు ఫైబ్రిల్లిన్-1 అనే ప్రొటీన్‌ను తయారు చేయిస్తుంది. అందులో లోపం వస్తే మార్ఫన్ సిండ్రోమ్. ఫ్రాన్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు మార్ఫన్ 1896లో ఒక ఐదేళ్ల పాపలో చూసి వర్ణించిన లక్షణాలకు కారణమైన ఈ జన్యువు 1991లో గాని బయటపడలేదు. సుమారు 5,000 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉంటుందని అంచనా. ఎముకలు పెళుసుగా విరిగే ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టాలో ఎక్కువ మందికి సీఓఎల్1ఏ1, సీఓఎల్1ఏ2 అనే కొల్లాజన్ జన్యువుల్లో లోపం ఉంటుంది. చర్మం సాగి, కీళ్లు అతిగా వంగే ఎహ్లర్స్-డాన్లోస్ సిండ్రోమ్‌ను 2017 నాటి వర్గీకరణ 13 రకాలుగా విభజించింది. వాటిలో సీఓఎల్3ఏ1 లోపంతో వచ్చే రక్తనాళాల రకం అన్నిటికంటే ప్రమాదకరం. అందరూ ఎక్కువగా వినే అతి వంపు కీళ్ల రకానికి మాత్రం ఇప్పటికీ నిర్ధారిత జన్యువు లేదు. కాబట్టి కీళ్లు వంగుతున్నాయన్న ఒక్క కారణంతో ఖరీదైన పరీక్షకు పరుగెత్తితే సాధారణంగా డబ్బు ఖర్చు కావడం తప్ప ఫలితం ఉండదు.

వంశవృక్షం గీయండి

ఒక పెద్ద తెల్ల కాగితం తీసుకుని, మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం చొప్పున కనీసం మూడు తరాలు గీయండి. పిల్లవాడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అమ్మానాన్నలు, మేనమామలు, పిన్నులు, పెద్దమ్మలు, బాబాయిలు, పెదనాన్నలు, మేనత్తలు, వారి పిల్లలు, తాతయ్యలు, అమ్మమ్మ, నాయనమ్మ అందరూ అందులోకి రావాలి. పోయినవారి గుర్తు మీద ఏటవాలుగా గీత గీసి, పక్కన వయసు, కారణం రాయండి. ఈ పని ఫోనులో సాగదు. ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చుని పాత పెళ్లి ఫొటోలు ముందు పెట్టుకుని అడిగితే, ఫలానా చిన్నతాతయ్య అందరికంటే ఒక తల ఎత్తుండేవాడనీ, చిన్నప్పటి నుంచే సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టేవాడనీ, నలభై నిండకుండానే పొలం గట్టు మీద పడిపోయాడనీ ఒకదాని వెంట ఒకటి బయటికొస్తాయి.

ఆ చివరి మాట దగ్గర ఆగి ఇంకా అడగండి. మన ఇళ్లలో హఠాత్తుగా పోయిన ప్రతి మరణాన్నీ గుండెపోటు అనే చెబుతారు. మార్ఫన్‌లోను, దాన్ని పోలిన లోయిస్-డైట్జ్ సిండ్రోమ్ అనే మరో సంయోజక కణజాల వ్యాధిలోను గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని, అంటే బృహద్ధమని, క్రమంగా ఉబ్బి, ఒకరోజు గోడ చీలి ప్రాణం తీయవచ్చు. ఆ నొప్పి ఛాతీలో మొదలై వీపు వైపు చీల్చుకుపోయినట్టు వచ్చిందా, ఒక్కసారిగా వచ్చిందా, అప్పటికి బీపీ గాని షుగరు గాని ఉండేవా అని అడిగితే వచ్చే జవాబు ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ పరీక్ష) చేసే డాక్టరుకు ఎంతో ఉపయోగపడుతుంది. అలాగే పుట్టిన పిల్లలు పోవడం, కాన్పు సమయంలో తల్లి పోవడం, యౌవనంలోనే కాలి నరంలో గడ్డకట్టి వాపు రావడం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ట్యూబు వేయవలసి రావడం వంటివి విడివిడిగా రాయండి.

పెళ్లిళ్ల గీత

వంశవృక్షంలో రక్తసంబంధం ఉన్న దంపతుల మధ్య జంట గీత గీయాలి. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో మేనమామను గాని, మేనత్త కొడుకును గాని చేసుకున్న కుటుంబాలు ఇప్పటికీ తక్కువేమీ కాదు. జన్యు కౌన్సెలింగ్‌లో ఈ ప్రశ్న వచ్చినప్పుడు చాలామంది తప్పు పడతారేమోనని దూరపు చుట్టరికం అని సర్దేస్తారు. అలా సర్దకండి. తోబుట్టువుల పిల్లల మధ్య పెళ్లి జరిగితే వారి బిడ్డకు జన్యు పదార్థంలో సగటున పదహారో వంతు, అక్క కూతురిని చేసుకుంటే ఎనిమిదో వంతు, ఇరువైపుల నుంచి ఒకే పూర్వికుడి ప్రతిగా అందుతుంది. రెండు ప్రతులూ చెడితేనే బయటపడే అంతర్గత వ్యాధులకు ఇది దారి ఇస్తుంది.

అయితే ఇక్కడ ఒక పొరపాటు ప్రచారంలో ఉంది: మార్ఫన్ వంటి వ్యాధి మేనరికం వల్ల వచ్చిందనుకోవడం. మార్ఫన్ బహిర్గత పద్ధతిలో సంక్రమిస్తుంది. ఒక్క ప్రతి చెడితే చాలు, తల్లి నుంచైనా తండ్రి నుంచైనా ప్రతి బిడ్డకూ సగం అవకాశం ఉంటుంది. దానికి మేనరికంతో సంబంధం లేదు. పైగా మార్ఫన్ ఉన్నవారిలో సుమారు నాలుగో వంతు మందికి తల్లిదండ్రులిద్దరిలోనూ లేని ఉత్పరివర్తనం కొత్తగా వచ్చి ఉంటుంది. కాబట్టి కోడలి పుట్టింటి వైపు నుంచి వచ్చిందని ఆమెను నిందించడానికి శాస్త్రంలో ఆధారం లేదు.

మేనరికం ఉన్న ఇంట్లో మొదట తోసిపుచ్చవలసినది హోమోసిస్టీన్యూరియా. సీబీఎస్ జన్యువు రెండు ప్రతులూ చెడినప్పుడు వచ్చే ఈ వ్యాధిలో పిల్లవాడు అచ్చం మార్ఫన్ వాడిలాగే పొడవుగా, సన్నగా పెరుగుతాడు. కటకం కూడా జరుగుతుంది. తేడా ఏమిటంటే, మార్ఫన్‌లో కటకం ఎక్కువగా పైకి, హోమోసిస్టీన్యూరియాలో ఎక్కువగా కిందికి జరుగుతుంది. రెండో దానిలో రక్తం గడ్డకట్టే ప్రమాదం, కొందరిలో చదువులో వెనకబాటు ఉంటాయి. మరీ ముఖ్యంగా, దీనికి చికిత్స ఉంది. కొందరికి బీ6 విటమిన్ ఎక్కువ మోతాదులో ఇస్తే చాలా మెరుగవుతుంది, మిగిలినవారికి ఆహార నియమాలు, ఇతర మందులు ఉంటాయి. రక్తంలో హోమోసిస్టీన్ (ఈ వ్యాధిలో పేరుకుపోయే అమైనో ఆమ్లం) మోతాదు చూపే పరీక్ష జన్యు పరీక్ష కంటే ఎంతో చవక. మామూలుగా అది లీటరుకు 15 మైక్రోమోళ్ల లోపు ఉంటుంది, చికిత్స లేని ఈ వ్యాధిలో సాధారణంగా 100 దాటుతుంది. బీ12 లోపం వల్ల కూడా కొంత పెరుగుతుంది గనక మధ్యస్థంగా పెరిగిన సంఖ్యను చూసి కంగారు పడనవసరం లేదు. రక్తం తీసిన వెంటనే ఐసులో పెట్టి త్వరగా ప్లాస్మా వేరు చేయకపోతే సంఖ్య అబద్ధంగా పెరుగుతుంది. అందువల్ల వీధి చివరి కలెక్షన్ సెంటరులో ఇచ్చి మే నెల ఎండలో బండి మీద పంపించడం కంటే, పరీక్ష జరిగే ల్యాబుకే పిల్లవాడిని తీసుకువెళ్లడం మేలు. బీ విటమిన్ బిళ్లలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

ఇంట్లో చూడగలిగిన గుర్తులు

పిల్లవాడిని గోడకు వీపు ఆనించి నిలబెట్టి, చేతులు రెండూ భుజాల ఎత్తులో బార్లా చాపించి, రెండు నడిమి వేళ్ల కొసల దగ్గరా పెన్సిలుతో గుర్తు పెట్టి టేపుతో కొలవండి. బార పొడవును ఎత్తుతో భాగిస్తే 1.05 దాటితే అది గమనించవలసిన సంగతి. 170 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యక్తికి బార 178.5 సెంటీమీటర్లు మించడమన్నమాట. తరువాత బొటనవేలిని అరచేతిలోకి మడిచి పిడికిలి బిగించమనండి. బొటనవేలి చివరి కణుపు మొత్తం చిటికెనవేలి వైపు అంచు దాటి బయటికి కనిపిస్తే రాసుకోండి. ఒక చేతి మణికట్టును రెండో చేతి బొటనవేలు, చిటికెనవేలితో చుట్టినప్పుడు బొటనవేలి కొస చిటికెనవేలి గోరును పూర్తిగా కప్పేస్తే అదీ రాసుకోండి. ఈ రెండు గుర్తులూ కలిసి ఉంటే మార్ఫన్ నిర్ధారణకు వాడే, 2010లో సవరించిన ఘెంట్ ప్రమాణాల్లో మూడు మార్కులు. వెన్ను వంకర, ముందుకు పొడుచుకొచ్చిన రొమ్ము, చదునైన పాదం, సాగిన చారలు, దూరంగా ఉన్నవి మసకగా కనిపించే ఎక్కువ పవరు హ్రస్వదృష్టి (మయోపియా) వంటి వాటికి కూడా మార్కులుంటాయి. మొత్తం ఏడు వస్తే శరీర లక్షణాలు గట్టిగా ఉన్నట్టు లెక్క.

నోరు తెరిపించి కొండనాలుకను కూడా చూడండి. అది రెండుగా చీలి ఉండి, కళ్ల మధ్య దూరం ఎక్కువగా ఉంటే లోయిస్-డైట్జ్ వైపు ఆలోచించాలి. అందులో బృహద్ధమని ఇంకా చిన్న పరిమాణంలోనే చీలే ప్రమాదం ఉంది గనక డాక్టరుకు ఇది తప్పకుండా చెప్పవలసిన గుర్తు. కంటి తెల్లగుడ్డు నీలంగా కనిపించడం, పళ్లు గోధుమరంగులో పారదర్శకంగా ఉండి త్వరగా అరగడం ఎముకల పెళుసు వ్యాధికి గుర్తులు. ఇలా ఇంట్లో చూసినవి రోగ నిర్ధారణ కావు. డాక్టరు చూసేటప్పుడు ఏమీ మరిచిపోకుండా ఉండడానికి మాత్రమే రాసుకోండి.

ఎకో, కన్ను

జన్యు పరీక్ష ఫలితం రావడానికి వారాలు పడుతుంది, ఎకో ఆ రోజే వస్తుంది. కాబట్టి మార్ఫన్ అనుమానం ఉంటే ముందు ఎకో చేయించండి. రిపోర్టులో బృహద్ధమని మొదలు కొలత ఎంతో సెంటీమీటర్లలో, పిల్లలకైతే వయసు, శరీర పరిమాణాన్ని బట్టి వచ్చే జడ్ స్కోరుతో సహా రాయించుకోవాలి. ‘నార్మల్’ అని ఒక్క మాట రాసిన రిపోర్టు వచ్చే ఏడు పోల్చుకోవడానికి పనికిరాదు. కంటికి చుక్కల మందు వేసి కంటిపాప విప్పారాక స్లిట్ ల్యాంపుతో చూస్తేనే కొద్దిగా జరిగిన కటకం కనిపిస్తుంది గనక అద్దాల దుకాణంలో చేసే కంప్యూటర్ పరీక్ష దీనికి చాలదు. బృహద్ధమని ఉబ్బడంతో పాటు కటకం జరగడం కూడా ఉంటే, జన్యు పరీక్ష లేకుండానే మార్ఫన్ అని నిర్ధారించవచ్చు.

ఎవరి రక్తం, ఎక్కడ

లక్షణాలు స్పష్టంగా ఉన్న వ్యక్తి రక్తం మొదట ఇవ్వాలి. భయపడుతున్న ఆరోగ్యవంతుడైన అన్న రక్తం ముందుగా ఇస్తే, అందులో ఏమీ దొరకకపోయినా అతనికి లేదని గాని, ఇంట్లో ఆ ఉత్పరివర్తనమే లేదని గాని ఎవరూ చెప్పలేరు. సాధారణంగా ఈడీటీఏ కలిసిన ఊదారంగు మూత గొట్టంలో కొద్ది మిల్లీలీటర్ల రక్తం చాలు. అమ్మానాన్నల నమూనాలు కూడా అప్పుడే తీయించి ఉంచితే తరువాత పనికొస్తాయి. ఒకే జన్యువు చూసేదా, సంయోజక కణజాల వ్యాధుల జన్యువులన్నీ కలిపి చూసే ప్యానెల్‌నా, మొత్తం ఎక్సోమ్‌నా (అన్ని జన్యువుల్లోనూ ప్రొటీన్‌కు ఆదేశాలిచ్చే భాగాలు) అన్నది డాక్టరు అనుమానాన్ని బట్టి ఉంటుంది. మేనరికం, అరుదైన లక్షణాలు కలిసి ఉంటే ఎక్సోమ్ మంచిది. జన్యువులో పెద్ద ముక్కే ఎగిరిపోతే అక్షరాలు చదివే పద్ధతికి అది దొరకకపోవచ్చు గనక, తొలగింపులు కూడా చూస్తారా అని ల్యాబువారిని అడిగి తెలుసుకోండి.

గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి, విజయవాడ ప్రభుత్వాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్‌లలో ఏదో ఒకచోట పిల్లల వైద్యుడికో గుండె వైద్యుడికో చూపించి రెఫరల్ తీసుకోండి. ప్రత్యేకంగా జన్యు వైద్యుడి సలహా కావలసివస్తే హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది; ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ వేలిముద్రలు, వ్యాధి నిర్ధారణ కేంద్రం), నిమ్స్ కలిసి 2021 అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద ఒక ప్రత్యేక కేంద్రంగా పనిచేస్తున్నాయి. అంత దూరం వెళ్లేటప్పుడు వంశవృక్షం, ఎకో, కంటి రిపోర్టు, ఎక్స్‌రేలు, పోయినవారి పాత ఆస్పత్రి కాగితాలు దొరికితే అవి, ఒకే ఫైలులో పెట్టుకోండి. ఆ ఫైలు సరిగా ఉంటే రెండోసారి రైలెక్కే పని చాలావరకు తప్పుతుంది.

రిపోర్టును ఎలా చదవాలి

రిపోర్టులో ముందు జన్యువు పేరు, తరువాత సీ అక్షరంతో డీఎన్‌ఏలో మార్పు జరిగిన స్థానం, పీ అక్షరంతో ప్రొటీన్‌లో వచ్చిన మార్పు ఉంటాయి. ఒక ప్రతిలో మాత్రమే ఉంటే హెటెరోజైగస్, రెండిటిలోనూ ఉంటే హోమోజైగస్ అని రాస్తారు. మేనరికపు ఇంట్లో హోమోజైగస్ అన్న మాట కనిపిస్తే అది అంతర్గత వ్యాధి కావచ్చు. ఎఫ్‌బీఎన్1లో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం పోతే ఆ మార్పు గట్టిదని వైద్యులు భావిస్తారు. ఫైబ్రిల్లిన్‌లోని చిన్న చిన్న భాగాలు సిస్టీన్‌లు ఒకదానితో ఒకటి ముడిపడడం వల్లనే మడతపడి నిలుస్తాయి.

కొల్లాజన్‌లో గ్లైసిన్ మీద దృష్టి పెట్టండి. కొల్లాజన్ మూడు పేటల తాడు లాంటిది. ప్రతి పేటలో ప్రతి మూడో స్థానంలో అన్నిటికంటే చిన్నదైన గ్లైసిన్ ఉంటేనే మూడు పేటలు బిగుతుగా పెనవేసుకుంటాయి. గ్లైసిన్ చోట మరో పెద్ద ఆమ్లం వచ్చి కూర్చుంటే ఆ పేట ఉబ్బి తాడు మొత్తం వదులవుతుంది. ఒకటో రకం కొల్లాజన్‌లో రెండు పేటలు సీఓఎల్1ఏ1 నుంచి, ఒకటి సీఓఎల్1ఏ2 నుంచి వస్తాయి. సీఓఎల్1ఏ1 ఒక్క ప్రతి ఇలా చెడితే తయారయ్యే తాళ్లలో నాలుగింట మూడు వంతులకు కనీసం ఒక చెడ్డ పేట చేరుతుంది. దానికి బదులు ఆ ప్రతి అసలు ప్రొటీన్‌నే తయారు చేయకుండా ఆగిపోతే, తాళ్లు సంఖ్యలో సగమే అయినా ఉన్నవి మంచివే. అందుకే రిపోర్టులో ‘ప్రొటీన్ మధ్యలో ఆగిపోయింది’ అని చదివి తల్లిదండ్రులు బెంబేలెత్తే మార్పు ఒకటో రకం కొల్లాజన్‌లో తరచు తేలికపాటి వ్యాధినీ, ‘ఒక్క అమైనో ఆమ్లం మారింది’ అని చిన్నగా కనిపించేది కొన్నిసార్లు తీవ్రమైన వ్యాధినీ తెస్తుంది.

2015 నాటి అమెరికా జన్యు వైద్యుల మార్గదర్శకాల ప్రకారం ప్రతి మార్పునూ ఐదు తరగతుల్లో ఒకదానిలో పెడతారు: వ్యాధికారకం, బహుశా వ్యాధికారకం, ప్రాధాన్యం తేలనిది, బహుశా హానిలేనిది, హానిలేనిది. చిక్కంతా మూడో తరగతితోనే. ప్రపంచ జన్యు సమాచారంలో మన ప్రాంతపు ప్రజల వాటా తక్కువ కావడంతో, మన దగ్గర మామూలుగా ఉండే మార్పు కూడా అక్కడి పట్టికల్లో అరుదుగా కనిపించి ఈ తరగతిలో పడుతుంది. సుమారు వెయ్యి మంది భారతీయుల జన్యువులు చదివిన ఇండిజెన్, సుమారు 10,000 మందివి చదివిన జీనోమ్ ఇండియా వంటి ప్రయత్నాలు ఈ లోటును కొంత పూడుస్తున్నాయి. ప్రాధాన్యం తేలని మార్పును బట్టి తమ్ముడికి వ్యాధి ఉందనో లేదనో చెప్పడం గాని, గర్భం గురించి నిర్ణయం తీసుకోవడం గాని కూడదు. ఆ మార్పు జబ్బున్న బంధువులందరిలోనూ ఉందా, జబ్బు లేని పెద్దవారిలో లేదా అని చూస్తే సంగతి తేలవచ్చు. మీరు గీసిన వంశవృక్షం అప్పుడు ఉపయోగపడుతుంది.

నిర్ధారణ అయ్యాక

వ్యాధికారకం అని తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలకు ఆ ఒక్క మార్పునే చూసే చిన్న పరీక్ష సరిపోతుంది. మళ్లీ ప్యానెల్ అవసరం లేదు. మార్ఫన్‌లో ఇది పిల్లలకు కూడా చేయించవచ్చు, ఎందుకంటే ఉందని తేలినవారికి చిన్నప్పటి నుంచే ఎకోలు, బీపీ మందులైన బీటా బ్లాకరు గాని లోసార్టాన్ గాని మొదలుపెట్టే వీలుంటుంది. ఒకే ఇంట్లో ఒకే ఉత్పరివర్తనం అన్నకు కంట్లో, చెల్లెలికి గుండెలో చూపించవచ్చు గనక, లక్షణాలు తక్కువగా ఉన్నవారిని వదిలేయకండి. తల్లిదండ్రులిద్దరికీ లేదని తేలినా, బీజకణాల్లో మాత్రమే ఆ మార్పు దాగి ఉండే అవకాశం కొద్దిగా ఉంటుంది. తరువాతి బిడ్డ గురించి అడిగేటప్పుడు ఈ విషయం కూడా అడగండి. గర్భంలో పరీక్ష 11 వారాల తరువాత మావి ముక్కతోనో, 15 వారాలు దాటాక ఉమ్మనీటితోనో చేస్తారు. 1994 చట్టం ప్రకారం నమోదైన కేంద్రంలోనే చేయాలి, లింగం చెప్పరు. మార్ఫన్ ఉన్న స్త్రీకి బృహద్ధమని 4.5 సెంటీమీటర్లు దాటితే గర్భం ప్రమాదకరం కాబట్టి పెళ్లి తరువాత కాదు, ముందే ఎకో చేయించి మాట్లాడుకోవాలి.

రెండు సంగతులు మందుల దుకాణంలో, పనిచోట గుర్తుంచుకోవాలి. టైఫాయిడ్ అనో మూత్రంలో మంట అనో సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ బిళ్లలు చీటీ లేకుండానే చేతికిచ్చే అలవాటు మన దగ్గర ఉంది. ఈ జాతి యాంటీబయాటిక్‌లు బృహద్ధమని చీలే ప్రమాదాన్ని పెంచుతాయనీ, మార్ఫన్, ఎహ్లర్స్-డాన్లోస్ ఉన్నవారికి వేరే మార్గం లేనప్పుడు తప్ప ఇవ్వకూడదనీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో హెచ్చరించింది. వ్యాధి పేరు, ఈ మందుల పేర్లు ఒక చిన్న కార్డు మీద తెలుగులో, ఇంగ్లీషులో రాసి పర్సులో పెట్టుకోండి. ఇక బిగపట్టి బరువులెత్తే పనుల్లో బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. జిమ్ములో బరువులైనా, గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసే పనైనా, కబడ్డీ వంటి పోటీ ఆటైనా ఎంతవరకు చేయవచ్చో గుండె వైద్యుడిని అడిగి రాయించుకోవాలి. నడక, నెమ్మదిగా సైకిలు తొక్కడం సాధారణంగా ఇబ్బంది పెట్టవు.

చివరగా, రిపోర్టుతో పాటు ముడి సమాచారపు ఫైలు కూడా ఇమ్మని ల్యాబును అడిగి రెండు చోట్ల దాచుకోండి. ప్రాధాన్యం తేలనిదని వచ్చినా, అసలు ఏమీ దొరకకపోయినా, ఒకటి రెండు సంవత్సరాల తరువాత అదే సమాచారాన్ని కొత్త రక్తం ఇవ్వకుండానే మళ్లీ విశ్లేషించవచ్చు. ఆ లోగా ఇంట్లో కొత్తగా ఎవరికైనా కటకం జరిగినా, ఎముక విరిగినా, ఎకోలో తేడా వచ్చినా తేదీతో సహా వంశవృక్షంలో రాసి, ఆ నకలును విశ్లేషణ కోరే ఉత్తరంతో జతచేసి పంపండి.